బురద చెప్పిన సాక్ష్యం

కిందటి వేసవిలో మా ఊళ్ళో ఇంటి బావి పూడిక తీయించాం. మనుషులు తట్టల కొద్దీ బురద చేది పెరట్లో పోస్తూంటే, నేను అరుగు మీద కూర్చుని చూస్తున్నాను. ముందు ప్లాస్టిక్ మగ్గు బయటపడింది. తరవాత స్టీలు గ్లాసు. ఇంకా లోపలికి వెళితే ఇత్తడి చెంబు. అట్టడుగున ఎవరి కాలం నాటిదో కంచుగిన్నె!

"మన వంశ చరిత్ర తలకిందులుగా పైకొస్తోందోయ్!" అన్నారు మావారు.

నవ్వేశాను గానీ, ఆ మాట నన్ను పట్టుకుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే నేను సరస్సుల అడుగు బురద గురించి చదువుతున్నాను. బి.ఏ. చదివినదాన్ని, నీకెందుకమ్మా ఈ సైన్సు గొడవ అంటారేమో! నవల రాసేవాళ్ళకి పాత సంగతులు తవ్వే వాళ్ళెవరైనా చుట్టాలే.

సరస్సూ మన బావి లాంటిదే. ఏటేటా చెట్ల పుప్పొడి గాలికి ఎగిరొచ్చి నీళ్ళ మీద వాలుతుంది, మునుగుతుంది, అడుగు బురదలో చేరుతుంది. పొర మీద పొర. పుప్పొడి రేణువు ఎంతుంటుంది? ముప్ఫయ్యో నలభయ్యో పక్కపక్కన పేరిస్తే ఒక మిల్లీమీటరు. కానీ దాని పైపెంకు మహా గట్టిది. గాలి తగలని బురదలో వేల ఏళ్ళయినా చెక్కుచెదరదు. పరిశోధకులు సరస్సు అడుగుకి పొడుగాటి గొట్టం దించి, పొరలు చెదరకుండా బురదని పైకి తీస్తారు. ఘాటైన ఆమ్లాలు పోస్తే ఇసక సైతం కరిగిపోతుంది, పుప్పొడి పెంకు కరగదు! దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి ఒక్కొక్క రేణువునీ గుర్తుపట్టి లెక్కపెడతారు. ఒక్కో పొరకి వందల రేణువులు. మనం చేటలో బియ్యం పోసుకుని రాళ్ళేరినట్టన్నమాట.

గడ్డి పుప్పొడి గుండ్రంగా, ఒకే ఒక్క రంధ్రంతో ఉంటుంది. పైన్ చెట్టు పుప్పొడికి అటూ ఇటూ రెండు గాలిబుడగలుంటాయి. ఇవి కాక డయాటమ్‌లని కంటికి కనపడని నాచుమొక్కలున్నాయి. ప్రతిదీ తన చుట్టూ గాజులాంటి డబ్బీ కట్టుకుంటుంది, మూతతో సహా! కొన్ని రకాలు మంచినీళ్ళలోనే బతుకుతాయి, కొన్నింటికి ఉప్పునీళ్ళే కావాలి. ఏ పొరలో ఏవి ఎక్కువో చూస్తే, ఆ కాలంలో సరస్సు నిండుగా ఉందో, ఎండి ఉప్పు తేలిందో తెలిసిపోతుంది. పొర వయసు చెప్పడానికి కార్బన్ లెక్క ఉండనే ఉంది.

పుప్పొడి లెక్కలతో గతాన్ని చదవొచ్చని స్వీడన్ శాస్త్రజ్ఞుడు లెన్నార్ట్ వాన్ పోస్ట్ 1916లో చూపించాడు. మన దేశంలో ఈ విద్యకి పుట్టిల్లు లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ. 1949 ఏప్రిల్ 3న దాని భవనానికి నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. వారం తిరక్కుండానే సాహ్నిగారు కన్నుమూశారు. అప్పుడా సంస్థ భారాన్ని తలకెత్తుకుని నిలబెట్టింది ఆయన భార్య సావిత్రిగారు. బోర్డు మీద పేరు ఆయనది, అడుగు పొరలో శ్రమ ఆవిడది. అడుగు పొరల సంగతి మనకొకరు చెప్పాలా?

ఆ సంస్థలో పనిచేసిన గుర్‌దీప్ సింగ్ రాజస్థాన్‌లో సాంభర్, డీడ్వానా, లూణ్‌కరణ్‌సర్ ఉప్పు సరస్సుల బురద తీసి చూశారు. ఇవాళ ఎడారి అంచున తెల్లగా ఉప్పు మెరిసే చోట, కింద పొరల్లో తుంగ, జమ్ము లాంటి నీటిమొక్కల పుప్పొడి దొరికింది. అంటే ఒకప్పుడక్కడ మంచి వానలు! 1971లో ఆయన ఒక మాటన్నారు: వానలు బాగా కురిసిన కాలంలో సింధు నాగరికత వెలిగింది, వానలు తగ్గాక ఆరిపోయింది అని. ఎంత చక్కగా అమరిన కథో చూడండి! నేనైతే వెంటనే నమ్మేశాను.

కానీ 1999లో మరో బృందం అదే లూణ్‌కరణ్‌సర్ బురదని మళ్ళీ పరీక్షించింది. హరప్పా నగరాలు వెలగడానికి ఇంచుమించు 1000 ఏళ్ళ ముందే ఆ సరస్సు పూర్తిగా ఎండిపోయిందని తేల్చింది. అంటే ఆ నగరాలు లేచిందే కరువు కాలంలోనన్నమాట! అక్కడితో అయిందా? 2014లో యమ దీక్షిత్ అనే శాస్త్రవేత్త, ఆమె సహచరులు హర్యానాలోని కోట్లా దహర్ అనే పాత సరస్సులో నత్తగుల్లలు పరీక్షించి, సుమారు 4100 ఏళ్ళ కిందట వానలు ఉన్నట్టుండి బలహీనపడ్డాయన్నారు. కథ మళ్ళీ మలుపు తిరిగింది. బురద అబద్ధం ఆడలేదు. దాన్ని చదివేవాళ్ళు మాత్రం మళ్ళీ మళ్ళీ చదవాల్సి వచ్చింది.

ఇక్కడే నా గొంతులో వెలక్కాయ పడింది.

పదేళ్ళ కిందట నేనొక కథ రాశాను. అందులో అత్తగారు నెయ్యి గరిటెతో కాదు, వేలి కొసతో వడ్డిస్తుంది. ఆవిడెవరో మా బంధువులందరికీ తెలుసు. మా అత్తగారు కూడా చదివారు. "బాగా రాశావమ్మా" అన్నారు, అంతే. నాలుగేళ్ళ కిందట పోయారు.

పూడిక తీయించిన ఆ వారమే అటక మీద ట్రంకుపెట్టె దించితే, ఆవిడ పద్దు పుస్తకాలు దొరికాయి. 1987లో ఒక నెల నుంచి నెయ్యి పద్దు మాయం. లీటరు పాలు అరలీటరయ్యాయి. ఆ నెల నుంచే "అక్కయ్యకి 40" అని మొదలై, ఆరేళ్ళపాటు ఒక్క నెలా తప్పలేదు. నా కళ్ళు చెమర్చాయి. విధవరాలైన అక్కగారికి, తన కడుపు మాడ్చుకుని పంపించిందన్నమాట! పిసినారి అని రాశానే, ఈవిడ దేవత కదా! రెండో కథ అప్పుడే మనసులో తయారైపోయింది.

ఆ అక్కగారు, మావారి పెద్దమ్మ, ఇంకా ఉన్నారు. వెళ్ళి చెబితే ఆవిడ బోసినోటితో నవ్వారు. "దానమేమిటే అమ్మాయ్? మీ మామగారి ఉద్యోగం ఊడినప్పుడు నా గొలుసు అమ్మి డబ్బిచ్చాను. వద్దంటున్నా వినకుండా నెలనెలా తీర్చింది. ఈ మాట ఎవరి దగ్గరా అననని నా చేత ఒట్టేయించుకుంది."

పిసినారీ కాదు, దేవతా కాదు. మాట నిలబెట్టుకున్న మనిషి. అప్పు తీరింది గానీ, ఆ చెయ్యి వేలి కొసతో వడ్డించడం మరిచిపోలేదు. నేను కోడలిగా వచ్చి చూసింది ఆ చేతినే.

నోటితో చెప్పే మాట కన్నా తెలియకుండా మిగిలిపోయిన ఆనవాలే నిజమంటారు. నాకిప్పుడు అది సగం నిజమే అనిపిస్తోంది. పుప్పొడి అబద్ధం చెప్పదు, నిజమే. కానీ అది నోరు విప్పదు కూడా. దాని తరఫున మాట్లాడేది మనమే. ఆ మాటల్లో మన తొందర, మన కోపం, మన కన్నీళ్ళు కూడా కలుస్తాయి. మంచిగా తొందరపడినా తొందరే!

మరైతే ఎవరి గురించీ ఏమీ అనుకోకూడదా? అలాగైతే బతకలేం. రాజస్థాన్ బురద చదివినవాళ్ళు లెక్క తప్పిందని గొట్టం సరస్సులో పారేసి ఇంటికి పోలేదు. మళ్ళీ దించారు. 1971 నాటి వ్యాసాన్ని ఎవరూ చింపెయ్యలేదు. దాని మీద, తేదీతో సహా, కొత్త పొర వేశారు. ఎదటివాళ్ళ మీద తీర్పు చెప్పే హక్కు, చెప్పిన తీర్పుని నలుగురిలో దిద్దుకోవడానికి సిద్ధపడినవాళ్ళకే ఉంటుందేమో.

ఆ కథ ఉన్న పుస్తకం ఇప్పుడు రెండో ముద్రణకి వెళుతోంది. ఆ కథ తీసెయ్యమంటారా అని ప్రచురణకర్త అడిగారు. వద్దన్నాను. చివర ఒక పేజీ చేర్చమన్నాను. పెద్దమ్మగారి అనుమతి కూడా తీసుకున్నాను. "ఒట్టు నాది, పోయినా ఫరవాలేదు. దాని పేరు నిలబడనీ" అన్నారు.

ఆ పేజీ మా అత్తగారు చదవరు. అయినా రాస్తున్నాను.