కంప తీసిన చోట మారేడు

శివార్చనలో మారేడు పత్రికి గల స్థానము వీరశైవులకు వేరుగా చెప్పనక్కరలేదు. ఊరి గుడి వెనుకనో, చెరువు గట్టుననో ఒక్క మారేడైనను ఉండుట పూర్వపు మర్యాద. నేడు రాయలసీమలో పెక్కు పల్లెలకు పత్రి అంగడినుండి రావలసివచ్చుచున్నది. చెరువు గట్టును సర్కారు తుమ్మ ఆక్రమించియున్నది. పత్రి కోసెడి చేతికి చెట్టు నాటెడి బాధ్యత లేదా?

సర్కారు తుమ్మ పుట్టినిల్లు మెక్సికో, మధ్య అమెరికా, దక్షిణ అమెరికా ఉత్తర భాగములు. 1876లో మద్రాసు రాజధాని అటవీ అధికారి బెడ్డోమ్ దీని విత్తనములకై ప్రభుత్వమునకు వ్రాసెను. 1877లో కడప జిల్లా కమలాపురములో దీనిని నాటిరి. బీడునేల పచ్చబడవలెననియు, వంటచెరకు దొరకవలెననియు నాటివారి కోరిక. కన్నడ సీమలో దీనినే బళ్ళారి జాలి యందురు. దీని తీయని కాయలను మేకలు, పశువులు తినును. విత్తులు పేడతోను, పెంటికలతోను నేలంతట పడును. ఆకును మాత్రము అవి ముట్టవు. అందుచే మేతకు తరుగక, చెరువులందు, వంకలందు దట్టముగా వ్యాపించినది. దాని క్రింద గడ్డియు, ఇతర మొక్కలును ఎదుగుట దుర్లభము.

అయితే పరదేశమున పుట్టుటయే దీని దోషమా? కానే కాదు. పుట్టుకను బట్టి ఎక్కువ తక్కువలు నిర్ణయించుటను పన్నెండవ శతాబ్దిలోనే బసవేశ్వరుడు నిరాకరించెను. మాదార చెన్నయ్య, డోహర కక్కయ్య, హరళయ్య వంటి శరణులను ఆయన గౌరవించినది వారి నడవడిని చూచియే. ఆ కొలత చెట్లకును వర్తించును. చింత ఆఫ్రికానుండి వచ్చినదని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. అది లేనిదే తెలుగింటి చారు లేదు. పదిమందికి పెట్టి బ్రతికినది గనుక అది ఇంటిదైనది. సర్కారు తుమ్మ తాను నిలిచిన చోట మరియొకరిని నిలువనీయదు. తొలగింపవలసినది ఆ నడవడిని బట్టియే.

తొలగించుట యనగా గొడ్డలితో నరకుట గాదు. నరకిన మొద్దునుండి పది కొమ్మలు చిగిర్చును. గడ్డపారతో మొదలు త్రవ్వి, చిగురు పుట్టు వేరు భాగముతో సహా పెకలింపవలెను. నేలలో దాగిన విత్తులు ఏండ్ల తరబడి మొలచుచుండును గనుక ప్రతి వానకాలమును లేతమొక్కలను పెరుకుచుండవలెను. ఇది ఒక్కనాటి ఉత్సవము గాదు, కాయకము. ఒకని చేతనగునది గాదు, ఊరందరిది.

తీసిన చోటు ఖాళీగా నున్నచో కంప మరల వచ్చును. కావున చెరువు గట్టున కానుగ, వేప. నీరు నిలుచు పల్లములో నల్లతుమ్మ. మెట్టనేలలో మారేడు, జమ్మి, రేగు. వాటి నడుమ తంగేడు, వావిలి పొదలు నాటవలెను. కాయలు లేని ఎండు కంపనే లేతమొక్కలకు కంచెగా కట్టవచ్చును.

ప్రతిచోటను చెట్టే నాటవలెనని గూడ నియమము లేదు. గుజరాతులోని కచ్ఛ ప్రాంతమున బన్ని యను విశాలమైన గడ్డిమైదానము కలదు. ఉప్పు ఎడారి వ్యాప్తిని అడ్డుకొనుటకై 1961లో అచ్చట ఈ తుమ్మను నాటించిరి. అది మేతభూమినే మ్రింగివేయసాగినది. పశువులే జీవనాధారముగాగల మాల్ధారీలు కొన్ని తావులలో దానిని వేళ్లతో తీసి, స్థానికమైన గడ్డిని మరల పెంచుచున్నారు. ఏ నేలకు ఏది తగునో ఆ నేలపై బ్రతుకువారి నడిగి తెలిసికొనవలెను.

ఇంకొక ధర్మము మరువరాదు. ఈ కంపను కొట్టి, బొగ్గు కాల్చి పొట్ట పోసికొను పేదలు కలరు. వారి పొయ్యి నార్పి చేసిన వనసేవ దాసోహము గానేరదు. ఏటేట కొంత భాగమే తీయుచు, ఆ కట్టెను వారికే విడిచి, త్రవ్వకపు కూలిని వారికే ఇచ్చి, క్రొత్త చెట్ల ఫలములో వారికి పాలు కల్పింపవలెను. అట్లు చేసినచో నేడు కంపను నమ్ముకొన్నవారే రేపు మారేడునకు కాపలాదారులగుదురు.

మహాశివరాత్రి మొదలు బసవ జయంతి వరకు గల కాలము, కాయలు పండి రాలకముందే వేళ్లు త్రవ్వుటకు అనువైనది. పంచాయతి అనుమతి పొంది ఒక్క గట్టుతో నారంభింపవచ్చును. తొలకరికి మొక్కలు నాటి, ఇంటికి రెండు మొక్కల చొప్పున పంచుకొని, రెండు మూడు వేసవులు బిందెతో నీరు పోసిన చాలును. ఆపై చెట్టు తన్ను తాను చూచుకొనును. ఆ మారేడు కొమ్మపై పక్షి వ్రాలును, దాని నీడన పసులకాపరి కూర్చుండును, దాని పత్రి లింగమును చేరును. ఈ మూడును శివార్చనయే.