ఎవరింటి ముగ్గు

2012లో నేను రాసిన ఒక చిన్న స్క్రిప్టు ఈమధ్య తరచుగా గుర్తొస్తోంది. వంద లైన్లు కూడా ఉండదు. ప్రతి అరగంటకీ నిద్రలేచి, నేనిచ్చిన ఇరవై చిరునామాలూ తిరిగి, ఎక్కడైనా కొత్తది కనిపిస్తే తెచ్చి మా క్లయింటు వెబ్‌సైట్లో ఒక పక్కన పెట్టేది. ఆయనది విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లకి పచ్చళ్లూ పిండివంటలూ పంపించే వ్యాపారం. ఫిర్యాదల్లా ఒకటే: "ఎప్పుడు తెరిచినా అదే జాడీ బొమ్మ బాబూ, సైటు పాడుబడ్డ ఇల్లులా ఉంది." ఏడాది నిలవుండే సరుకు అమ్మే మనిషికి తాజాదనం మీద అంత బెంగేమిటని నాకప్పుడు తోచలేదు.

బెంగకి కారణం లేకపోలేదు. అంతకు ముందు నవంబరులోనే గూగుల్ తన సెర్చ్ పద్ధతి మార్చి, కొత్త పేజీలకి ప్రాధాన్యం పెంచుతున్నామనీ, సుమారు 35 శాతం సెర్చ్‌ల మీద దీని ప్రభావం ఉంటుందనీ ప్రకటించింది. చిన్నాచితకా వ్యాపారాలన్నీ 'ఫ్రెష్ కంటెంట్' అనే మంత్రం పట్టుకున్నాయి. మరి రాసేదెవరు? ఎవరూ రాయక్కర్లేదు. తెలుగులో అప్పటికే ఎంతోమంది బ్లాగుల్లో ఊరికే రాస్తున్నారు. ఆ బ్లాగులకి ఫీడ్‌లున్నాయి, చాలావాటిలో టపా మొత్తం దొరుకుతోంది. నేను చేసిందల్లా కుళాయికి గొట్టం తగిలించడమే.

కొన్ని నెలలు బాగానే నడిచింది. ఒకరోజు ఒకావిడ నుంచి మెయిల్ వచ్చింది. ఆవిడ బ్లాగు నా ఇరవైలో ఒకటి. తండ్రి ఆఖరి రోజుల గురించి, ఆసుపత్రి ఖర్చుల దగ్గర అన్నదమ్ముల మధ్య వచ్చిన మాటల గురించి ఒక రాత్రి రాసుకున్నారు. రెండో రోజు మనసు మార్చుకుని తీసేశారు. ఆవిడ తీసేశారు గానీ నా డేటాబేస్ తీసెయ్యలేదు. అమెరికాలో ఉన్న వాళ్ల బంధువెవరో గోంగూర పచ్చడి ఆర్డరు పెడుతూ పక్కన కనిపించిన శీర్షిక నొక్కి చదివారు. "మా అన్నయ్య నాతో మాట్లాడటం మానేశాడు. దయచేసి తీసెయ్యండి." అంతే మెయిల్. తిట్టు లేదు.

వెంటనే తీసేశాను. క్షమాపణ కూడా రాశాను, 'సాంకేతిక లోపం వల్ల' అని. ఇన్నేళ్ల తర్వాత నన్ను గుచ్చుతున్నది ఆ మూడు మాటలే. ఎక్కడి లోపం? కోడ్ నేను చెప్పింది చెప్పినట్టు చేసింది. బగ్ అనేది ఉంటే అది స్క్రిప్టులో లేదు.

నిజానికి అక్కడ ఒక సాంకేతిక ప్రశ్న ఉంది, దాన్నే నేను నైతిక ప్రశ్నకి అడ్డం పెట్టుకున్నాను. ఒక ఫీడ్‌లో సాధారణంగా చివరి పదో, ఇరవయ్యో టపాలు ఉంటాయి. నిన్న ఉన్న టపా ఇవాళ లేదంటే, కొత్తవి వచ్చి కిందికి నెట్టేసి ఉండొచ్చు, రచయితే చెరిపేసి ఉండొచ్చు. రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. 'ఇదిగో కొత్తది' అని చెప్పడానికి ఆర్ఎస్ఎస్‌లో మాటలున్నాయి. 'అది వెనక్కి తీసుకున్నాను' అనడానికి లేదు. దాని తర్వాత వచ్చిన ఆటమ్ ఫార్మాట్‌కి అలాంటి ఒక గుర్తును చేర్చారు, అదీ 2012 సెప్టెంబరులో. చిత్రం ఏమిటంటే ఆటమ్ ప్రమాణంలో రచయిత పేరు తప్పనిసరి. ఆర్ఎస్ఎస్ 2.0లో ఐచ్ఛికం. ఎక్కణ్ణించి తెచ్చామో చెప్పే గుర్తు కూడా ఐచ్ఛికమే. పేరు చెప్పాలా వద్దా అనేది ఎవరో కమిటీ గదిలో కూర్చుని తేల్చే విషయమని నేను కాలేజీలో ఉండగా అనుకోలేదు.

1999 మార్చిలో నెట్‌స్కేప్ తన పోర్టల్ కోసం ఈ పద్ధతి మొదలుపెట్టినప్పుడు (తయారుచేసినవాళ్లలో ఒకరు మద్రాస్ ఐఐటీలో చదువుకున్న రామనాథన్ గుహా) ఒక్కో అంశానికీ ఉన్నవి శీర్షిక, లింకు, అంతే. అంటే అదొక శుభలేఖ. ఫలానా ఇంట్లో ఫలానాది జరుగుతోంది, రండి అని. ఆ తర్వాత వర్ణన చేరింది, మొత్తం పాఠం చేరింది. శుభలేఖలోనే భోజనం పెట్టేశాక పెళ్లింటికి వెళ్లేవాళ్లెవరు? ఇది దొంగలకి మాత్రమే తగిలే మాట కాదు. 2013 జులై 1న మూసేసేదాకా నేను గూగుల్ రీడర్ భక్తుణ్ణి. చదవనివి వెయ్యి దాటితే '1000+' అని చూపించి ఊరుకునేది. ఎందరి టపాలో చదివాను, వాళ్ల బ్లాగు గోడల రంగు ఏమిటో కూడా ఎరగను. ఒక్కరికీ బాగుందని చెప్పలేదు.

ఆవిడ ఫీడ్ పూర్తిగా తెరిచి పెట్టారు కదా, కుదించుకునే సెట్టింగు వాళ్ల చేతిలోనే ఉంది కదా అని అప్పట్లో మా టీమ్ లీడ్ అన్నాడు. నేనూ తలూపాను. ఇప్పుడు ఎండాకాలంలో చలివేంద్రం కనిపించినప్పుడల్లా ఆ మాట గుర్తొస్తుంది. కుండ మీద గ్లాసు బోర్లించి పెడతారు, ఎవరైనా తాగొచ్చు. రెండు గ్లాసులు తాగినా ఎవరూ అడగరు. ట్యాంకరు తెచ్చి నింపుకుపోయేవాణ్ణి ఆపడానికి అక్కడ బోర్డేమీ ఉండదు, ఎందుకంటే పెట్టినవాడికి అలాంటి మనిషి ఊహకి కూడా అందలేదు. బోర్డు లేకపోవడాన్ని అనుమతిగా చదివే తెలివి మనకి చదువుతో వచ్చిందేమో.

అలాగని ఇంకొకరి రాతల్ని పోగుచెయ్యడమే తప్పని అనను. అలా అంటే నా యవ్వనంలో సగం తప్పయిపోతుంది. కూడలి, జల్లెడ, మాలిక, హారం: ఇవన్నీ ఫీడ్‌ల మీద బతికిన సైట్లే. వాటి దగ్గర నిలబడితే ఇవాళ ఎవరెవరు రాశారో తెలిసేది. అక్కణ్ణించి ఎవరింటికి వాళ్లింటికి వెళ్లేవాళ్లం. కొత్తగా బ్లాగు మొదలుపెట్టినవాడికి మొదటి పదిమంది పాఠకులు ఆ దారినే వచ్చారు. పత్రికలూ అంతే, పీటీఐ వార్త వేసుకుంటే డబ్బు కడతాయి, పీటీఐ అని వేస్తాయి. నేను కూడా రచయిత పేరు వేశాను, చిన్న అక్షరాల్లో. కాబట్టి పేరు వేస్తే సరిపోతుందనే సమాధానం నాకు చాలదు. తేడా ఇంకెక్కడో ఉంది.

మా అమ్మమ్మ ఊళ్లో పొద్దున్నే వీధిలో నడిస్తే ఏ ఇంట్లో ఏం జరుగుతోందో వాకిళ్లు చూసి చెప్పేసేవారు. ముగ్గు పడలేదంటే ఆ ఇంటావిడకి ఒంట్లో బాగాలేదు, లేదా ఊళ్లో లేరు, లేదా మైల. తాజా ముగ్గు అందం కోసమే కాదు, లోపల మనిషి లేచింది అనే కబురు. మా అపార్ట్‌మెంట్లో సగం గుమ్మాల ముందు స్టిక్కరు ముగ్గులున్నాయి. వాటిని నేను తప్పుపట్టను. ఆఫీసు క్యాబ్ ఏడింటికొస్తుంది, ఎవరు వేస్తారు? స్టిక్కరు తాను స్టిక్కరునని దాచుకోదు కూడా. నా స్క్రిప్టు చేసింది అది కాదు. ఖాళీ ఇంటి ముందు, పక్కింటావిడ తెల్లవారుజామున వంగి వేసిన ముగ్గుని అరగంటకోసారి ఎత్తుకొచ్చి పరిచింది. చూసినవాళ్లు ఈ ఇంట్లో ఎవరో ఉన్నారనుకున్నారు. గూగుల్ కూడా అలాగే అనుకోవాలనే కదా మా ప్రయత్నమంతా.

ఆ సైట్లో ఎవరూ లేరు. పచ్చళ్లాయనకి సైటు చూసే తీరిక లేదు, నాకు ఆ టపాలు చదివే తీరిక లేదు. ఎవరైనా ఒక్కరు చదివి ఉంటే, తండ్రి చావు గురించిన రాతని అరిసెల ధరల పక్కన పెట్టకూడదని తెలిసేది. దానికి ప్రమాణాలు, కమిటీలు అక్కర్లేదు. కూడలి లాంటి చోట ఎవరి బ్లాగులు చేర్చాలో చూసే మనిషి ఒకరు ఉండేవారు. అభ్యంతరం చెప్పాలంటే చెప్పడానికి ఒక ముఖం ఉండేది. ఆవిడ మెయిల్ మాత్రం సైటు అడుగున ఉన్న 'ఇన్ఫో' చిరునామాకి వెళ్లి, అక్కణ్ణించి ఇద్దరి చేతులు మారి నా దగ్గరికొచ్చింది, ఐదు రోజుల తర్వాత. తేవడానికి అరగంట, తీయడానికి ఐదు రోజులు.

ఆ వ్యాపారం తర్వాత మూతపడింది, సైటూ పోయింది. ఆవిడ బ్లాగు కోసం ఒకసారి వెతికాను, అదీ లేదు. వాళ్ల అన్నయ్య మళ్లీ మాట్లాడారో లేదో అడిగే హక్కు నాకు లేదు, అడగలేదు.

పోయిన నెల పాత హార్డ్ డిస్క్ సర్దుతుంటే ఆ డేటాబేస్ బ్యాకప్ కనిపించింది. ఫైలు తేదీ చూస్తే ఆవిడ మెయిల్ కంటే రెండు రోజులు ముందుది. అంటే ఆవిడ తీసేసిన టపా, బహుశా లోకంలో మిగిలిన ఒకే ఒక్క కాపీ, అందులో ఉండాలి. అంత మంచి రాత అలా పోకూడదని లోపల పాఠకుడు అంటున్నాడు. నిజానికి అది మంచి రాతో కాదో నాకు తెలీదు, అప్పుడూ నేను చదవలేదు. డిలీట్ మీద వేలు పెట్టి కాసేపు కూర్చుని, డిస్క్ మళ్లీ సొరుగులో పెట్టేశాను.