ఎరుకను ఏ కుంచంతో కొలుస్తారు?

ముసలమ్మ పక్షవాతంతో మంచాన పడి, మాట పోయి నెలలైనా మన ఊళ్ళలో ఆడవాళ్ళు ఆమెను పలకరించకుండా దాటిపోరు. "ఆమెకు తెలుస్తుందా?" అని అడిగితే, "తెలీదని నువ్వెట్టా చెప్తావు?" అంటారు. డాక్టర్లకు మాత్రం ఏదో ఒక కొలత కావాలి.

2006లో ఏడ్రియన్ ఓవెన్ బృందం ఒక పరీక్ష బయటపెట్టింది. రోడ్డు ప్రమాదంలో దెబ్బతిని, ఏ పిలుపుకూ బదులివ్వని 23 ఏళ్ళ యువతిని స్కానింగులో ఉంచి, టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకోమన్నారు. ఆరోగ్యవంతుల మెదడులో కదిలే భాగమే ఆమెకూ కదిలింది. అప్పటిదాకా ఆమెకు ఎరుక లేదనే అనుకున్నారు.

మనకొక సందేహం. టెన్నిస్ ఎన్నడూ చూడని మనిషిని, తనకు రాని భాషలో అడిగితే? యంత్రం ఏమీ చూపదు. లోపల ఏమీ లేదనుకుంటారు. ఇంట్లో కోయ, కువి, సవర మాట్లాడే పిల్ల తెలుగు ప్రశ్నకు నోరు తెరవకపోతే 'మొద్దు' అనేయడం మనం చూస్తున్నదే.

ఇటలీలో మస్సిమినీ బృందం 2013లో మాట అక్కర్లేని పరీక్ష చూపింది. కుండను తట్టి చూసినట్టు, తలకు అయస్కాంత తాకిడి ఇచ్చి మెదడు ఎలా మోగుతుందో వింటారు. గాఢనిద్రలో ఆ మోత సాదాగా ఉంటుంది, మెలకువలో చిక్కగా అల్లుకుంటుంది. దాన్ని ఒక అంకెగా మారుస్తారు. దీని వెనుక టొనోనీ 2004లో చెప్పిన సిద్ధాంతం ఉంది: భాగాలు ఎంతగా కలిసి ఒకటైతే ఎరుక అంత. బార్స్ 1988లో వేరేలా చెప్పాడు: ఊరి సభలో ఒకరి మాట అందరికీ వినబడినట్టు, ఒక సమాచారం మెదడంతటికీ చేరితే అదే ఎరుక. వాళ్ళ తగువు ఇంకా తీరలేదు.

టొనోనీ మాటలు విని, చెట్టుకూ కొండకూ ప్రాణముందన్న మన తాతల మాటను సైన్సు ఒప్పుకుందని కొందరు సంబరపడతారు. తొందరొద్దు. ఇసుక కుప్పకు ఎరుక లేదనే ఆ సిద్ధాంతమూ అంటుంది. తాతలు కొండను కొలవలేదు, మొక్కి అడిగారు. అది వేరే సంగతి.

కొలతను మనం కాదనం. ఆ యువతిని లెక్కలోకి తెచ్చింది కొలతే. అంకె వస్తే ఎరుక ఉందని నమ్ముదాం. రాకపోతే 'లేదు' అనకుండా, 'మాకు చిక్కలేదు' అని రాయమందాం. ఎందుకంటే మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ ఇక్కడి జాతుల తలలూ ముక్కులూ కొలిచి, 1909లో 7 సంపుటాలు వేశాడు. కొలిపించుకున్న మనిషి ఆ పూట ఏమనుకున్నాడో ఆ అంకెల్లో లేదు.