మారినవాళ్ళ మాట

గోపన్‌పల్లి తండా చుట్టూ అద్దాల మేడలు లేచాయి. వాటిలో పనిచేసే కోయ, లంబాడీ పిల్లలం ఆదివారం కలిసినప్పుడు ఒక వాదన తరచూ వస్తుంది. మిషనరీల మాట విని మతం మారిన మనవాళ్ళు మోసపోయారా, బాగుపడ్డారా?

మోసపోయారంటే వాళ్ళకు తెలివి లేదన్నట్టు. బాగుపడ్డారంటే అంతకుముందు వాళ్ళకేమీ లేదన్నట్టు. రెండు జవాబుల్లోనూ కర్త బయటివాడే, మనవాడు కర్మ.

చరిత్ర అలా లేదు. ఆఫ్రికా ఖండానికి క్రైస్తవాన్ని తెల్లదొరలే మోసుకెళ్ళారనుకుంటాం. కానీ బానిసల ఓడ నుంచి బ్రిటిష్ నౌకాదళం విడిపించిన యొరూబా బాలుడు శామ్యూల్ అజాయి క్రౌథర్ పెద్దయ్యాక తన భాషలోకి బైబిల్ తెచ్చాడు. 1864లో బిషప్ అయ్యాడు. చివరికి ఆయన అధికారానికి కోత పెట్టింది తెల్ల మిషనరీలే.

మన నేల మీద మాదిగ సోదరుల కథ చూద్దాం. ఒంగోలు ప్రాంతంలో 1866లో బాప్తిస్మం పొందిన యెర్రగుంట్ల పేరయ్య ఊరూరా తిరిగి తనవాళ్ళకు తానే చెప్పాడు. 1876-78 కరువులో క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో జనానికి కూలి చూపించాడు. కూటి కోసం వస్తారేమోనని అన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆకలి లేదని అనం. అంటరానితనం కింద నలిగినవాళ్ళకు గౌరవం మీదా ఆకలి ఉంటుంది. దాన్ని అమ్ముడుపోవడం అనగలమా?

ఇక గోదావరి ఒడ్డున దుమ్ముగూడెం. అక్కడి మిషన్‌లో పనిచేసిన జాన్ కెయిన్ 1870లలో కోయల ఆచారాల గురించి ఇంగ్లీషులో రాసి అచ్చువేశాడు. ఆ రాత మనకు పనికొస్తుంది. అయితే అది మన తాతల గురించి రాసింది, మన తాతలు రాసింది కాదు.

ఇప్పుడు మన సంగతి. చదువుకుని, జీతం తెచ్చుకుని ఊరికి వెళ్తాం. వేల్పుల కొలుపు చూసి వెనుకబాటు అంటాం. చర్చికి పోయే పిన్నిని చూసి దారి తప్పిందంటాం. ఇద్దరినీ కారణం అడగం. అడగకుండా తీర్పు చెప్పేవాడు ఏ మతంవాడైనా, ఏ కులంవాడైనా ఒకటే.

టీచర్లకు ఒక మనవి. పిల్లలను ఇళ్ళకు పంపి అడిగించండి: "నువ్వెందుకు మారావు? నువ్వెందుకు మారలేదు?" రెండు జవాబులూ వాళ్ళ భాషలోనే రాయించండి. రేపు మన చరిత్ర రాసేవాళ్ళకు ముందుగా కావలసింది ఆ కాగితాలే.