మూసిన హృదయము

కుమారుని గోల్పోయిన తండ్రి కర్మలు ముగిసిన మఱునాడే కచేరికి బోయి కాగితములు చూచుకొనినచో "ఎంతటి నిబ్బరము!" అని లోకులు కొనియాడుదురు. మేమా ప్రశంస నంగీకరింపజాలము. రాత్రులయం దాతడు నిద్రలేక పొరలుట భార్య యెఱుగును; అడుగదు. ఆమె చెఱగుతో గన్నులొత్తుకొనుట యాత డెఱుగును, అడుగడు. ఒకరినొకరు నొప్పింపకుండుటకై యొక్క యింటనే వేఱువేఱుగా శోకించుచున్నారు.

1986వ సంవత్సరమున ప్రకటితమైన పరిశోధనలో అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడగు పెన్నెబేకరు కొందఱు విద్యార్థులచే వరుసగా 4 దినములు, దినమునకు 15 నిమిషములు, తమ గాఢవ్యథలను వ్రాయించెను. జరిగినదానితో బాటు తమ మనోభావమును గూడ వ్రాసినవారికి వ్రాసినప్పుడు దుఃఖము హెచ్చెను. పిమ్మటి 6 మాసములలో వైద్యునియొద్దకు బోవుట మాత్ర మితరులకంటె దగ్గెను. ఆ తొలి దుఃఖమునకు వెఱచియే కాబోలు, ప్రార్థనయందు సైతము మనము పెదవులతో స్తుతించి హృదయమును దాచుకొనుచున్నాము! ఈ రాత్రి యా తండ్రి భార్యయెదుట కుమారుని పేరొక్కమాఱు పలుకునా?