ఇచ్చిన కర్ర ఎవరిది?

2006వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో ఇటలీ దేశమందలి ట్యూరిన్ నగర ప్రాంతమున శీతకాలపు ఒలింపిక్ క్రీడలు జరిగెను. మంచు నెరుగని మన చదువరులకు ఆ ఆటలు వింతగా తోచవచ్చును. కాళ్లకు సన్నని పొడుగాటి పలకలు తగిలించుకొని, రెండు చేతుల రెండు కర్రలు పట్టి, మంచును పొడిచి తోసుకొనుచు మెట్టపల్లములమీద పరుగెత్తుట వాటిలో ఒకటి. ఆ పలకలను స్కీలందురు. దూరమునుండి చూచువారికి అది సుఖముగా జారిపోవుటవలె కనబడును గాని, మెట్ట ఎక్కునప్పుడు కాళ్ల బలముతోపాటు భుజముల బలమును కావలెను. కర్ర విరిగిన యెడల చెయ్యి విరిగినట్లే.

ఆ నెల 14వ తేదీని ప్రాజెలాటో అను కొండ ఊరిలో స్త్రీల జంట పందెము జరిగెను. జంటలో ఒకతె ఒక చుట్టు తిరిగి వచ్చి రెండవ ఆమెను తాకగా ఆమె బయలుదేరును. ఈలాగు ఒక్కొక్కతె మూడేసి చుట్లు తిరుగవలెను. కెనడా దేశమునుండి వచ్చిన జంట సారా రెన్నర్, బెకీ స్కాట్ అనువారు. ముందువారిలో ఉండి సాగిపోవుచుండగా రెన్నర్ ఎడమచేతి కర్ర విరిగిపోయెను. ఆమె ఒక కర్రతో తడబడుచు నడిచెను. వెనుకనున్నవారు దాటిపోసాగిరి. ఏండ్లకొలది పడిన పాటు ఒక్క నిమిషములో మంచుపాలగుట ఎట్టిదో ఆ క్షణమున ఆమెకు తెలిసియుండును.

అంతలో బాట ప్రక్కన నిలిచియున్న ఒక మనుష్యుడు కర్ర అందించెను. ఆమె కొలతకు అది మిక్కిలి పొడవు. అయినను పట్టుకొని సాగెను. తరువాత తనవారు సరియైన కర్ర నిచ్చిరి. ఆట నిబంధనల ప్రకారము కర్ర మార్చుకొనుట తప్పు కాదు. తుదకు స్వీడను జంటకు బంగారు పతకమును, కెనడా జంటకు వెండియు, ఫిన్లాండు జంటకు కంచును లభించెను. నార్వే జంట నాలుగవదై ఏ పతకము లేక తిరిగిపోయెను. కర్ర నిచ్చినవాడో, ఆ నార్వే జట్టు శిక్షకుడే! బ్యోర్నార్ హోకెన్స్‌మోయెన్ ఆయన పేరు. నార్వేవారికి ఈ పలకల పరుగు ప్రాణము. అట్టివారికి ఆ యేటి క్రీడలలో ఈ పరుగులయందు ఒక్క బంగారు పతకమైనను రాలేదు.

కెనడా ప్రజలు ఊరకుండలేదు. తమ దేశపు మేపుల్ చెట్ల రసముతో కాచిన తియ్యని పాకము డబ్బాలలో పోసి, సుమారు ఐదు టన్నులు నార్వేకు పంపిరి. కృతజ్ఞత చూపించుటకు పాకముకంటె మంచి పదార్థము మాకును తోచదు.

ఈ సంగతిని మేము ఒక బుధవారపు ప్రార్థన కూటములో చెప్పితిమి. అందరును మెచ్చుకొనిరి. వెనుక వరుసలో కూర్చున్న ఒక విధవరాలు, పొగాకు తోటల్లో కూలిచేసి పిల్లలను పెంచినామె, మాత్రము లేచి, “అయ్యగారూ, ఆయన యిచ్చినది ఎవరి సొమ్మండి?” అని యడిగెను. కర్ర ఆయనదే గదా అంటిమి. “కర్ర సంగతి కాదండి. పతకము పోయినది ఆయనకా, ఆ పిల్లలిద్దరికా?” అనెను. మేము ఆ రాత్రి సరియైన జవాబు చెప్పలేకపోతిమి. ఆ ప్రశ్న మమ్మును వదలలేదు గనుక ఇక్కడ వ్రాయుచున్నాము.

దావీదు రాజు ఎదుట నాతాను ప్రవక్త చెప్పిన ఉపమానము మీరెరుగుదురు. అతిథి వచ్చినప్పుడు ధనవంతుడు తన మందలను ముట్టక, బీదవాని ఒక్క గొఱ్ఱెపిల్లను పట్టించి విందు చేసెను. ఆ విందులో అతిథికి లోటు లేదు. వడ్డించినవాని చెయ్యి ధారాళమే. అయినను అది దానము కాదు, దోపిడి. మంచితనము చేయువాడు దాని వెలను తానే చెల్లించుచున్నాడా, పరునిచేత చెల్లింపించుచున్నాడా అని విచారింపక మెచ్చుకొనరాదు.

ఇందుకు ఎదురు సాక్ష్యము ఒకటి కలదు. 1964లో ఆస్ట్రియా దేశమందలి ఇన్స్‌బ్రుక్‌లో జరిగిన శీతకాలపు క్రీడలలో, గడ్డకట్టిన కాలువలో జారు ఇద్దరి బండ్ల పందెమున, ఇంగ్లీషువారి బండికి ఇరుసు బోల్టు తెగెను. ఇటలీవాడైన యూజెనియో మోంటి అప్పటికే అనేకమారులు ప్రపంచ విజేత. ఒలింపిక్ బంగారము మాత్రము ఆయనకు దక్కలేదు. ఆయన తన బండి బోల్టు విప్పి వారికిచ్చెను. నాష్, డిక్సన్ అను ఆ యిద్దరు గెలిచిరి. మోంటికి కంచు వచ్చెను. బోల్టు గెలిపించలేదనియు, వారు వేగముగా పోయినందుననే గెలిచిరనియు ఆయన చెప్పెను. నాలుగేండ్ల తరువాత, 1968లో, నలుబది యేండ్ల వయసున ఆయన రెండు బంగారు పతకములు సంపాదించెను. అవి రాకపోయినను ఆయన చేసినది అంతే మంచిది; ఉపకారమునకు ప్రతిఫలముగా వచ్చినవని మేమనము. మోంటి పోగొట్టుకొన గలిగినది మోంటిదే. శిక్షకుని సంగతి అట్లు కాదు.

అయితే ఆ నార్వే స్త్రీలు పోగొట్టుకొన్నది వారి సొంతమేనా? ఇది మరియొక చిక్కు. వారి కాళ్ల బలము, వారి సాధన ఎవరును తీసికొనలేదు. వారికి రాకపోయినది ఎదుటివారి కర్ర విరుగుటవలన రాదగిన లాభము. గాలి, మంచు, పలకకు పూసిన మైనము—ఆటలో అదృష్టము లేదని మేమనము. కాని అదృష్టమును వచ్చినంత అనుభవించుట వేరు; చేతిలో కర్ర యుండి, ఎదుట పడుచున్న మనిషిని చూచి, చెయ్యి వెనుకకు లాగుకొనుట వేరు. బీదవాని గొఱ్ఱెపిల్ల బీదవానిదే. ఇతరుని ఆపద మాత్రము ఎవనికిని ఆస్తి కాజాలదు. ఈ భేదము మాకు బలముగానే కనబడుచున్నది.

ఇక్కడ బెకీ స్కాట్‌ను గూర్చి ఒక మాట. 2002లో సాల్ట్‌లేక్ సిటీ క్రీడలలో ఆమెకు మొదట కంచు పతకమే యిచ్చిరి. ముందు వచ్చిన రష్యా స్త్రీలిద్దరు మందులు వాడినట్లు తేలినందున అది వెండిగాను, 2004లో బంగారముగాను మారెను. ఎత్తయిన పీఠముమీద నిలువవలసిన దినము గడిచిపోయిన తరువాత తనది తనకు వచ్చెను. ఒక పందెములో ఎదుటివారు తన పాలు అపహరింపగా, మరియొక పందెములో ఎదుటివాడు తన జంటకు కర్ర అందించెను. రెండును ఒక్క స్త్రీయే చూచెను.

ఇప్పుడు మా తప్పు ఒకటి చెప్పవలెను. ఇంటింటి పిడికెడు బియ్యము కూర్చి, పండుగకు బీదల భోజనమునకై సంఘము దాచగా, మేము ఒకప్పుడు దారిన పోవు కుటుంబమునకు అందులోనుండి రెండు కుంచములు కొలిచి యిచ్చితిమి. వారు ఆకలిగొనియుండిరి, అందులో సందేహము లేదు. ఇచ్చి మిక్కిలి సంతోషించితిమి. పెద్దలలో ఒకరు, “అయ్యగారు మా బియ్యముతో పేరు తెచ్చుకొనిరి” అన్నప్పుడు కోపము వచ్చెను. ఆ కోపము ఎందుకు వచ్చెనో ఆ విధవరాలి ప్రశ్న విన్న తరువాతగాని తెలియలేదు.

మరుసటి బుధవారము ఆమెతో, “అమ్మా, కర్ర విరిగినప్పుడు పిల్లలను అడుగుటకు వేళ యెక్కడ?” అంటిమి. “మునుపే అడిగియుండవలెనండి” అనెను. అప్పుడు మాకు శిక్షకుని మాట ఒకటి జ్ఞప్తికి వచ్చెను. తాను ఆలోచించి చేయలేదనియు, తమ దేశమున బాల్యమునుండి నేర్పునది ఇదే యనియు ఆయన చెప్పియుండెను. ఆ స్త్రీలిద్దరును ఆ దేశమున, ఆ నేర్పులోనే పెరిగిరి. ఇది చెప్పగా ఆమె కొంతసేపు ఊరకుండి, “అయితే సరేనండి” అనెను.

ఆ నెల పెద్దల కూటములో మేము బియ్యము సంగతి ఎత్తితిమి. నెలకు రెండు కుంచములు దారిన పోవువారికని ప్రత్యేకించి, అవసరమైనప్పుడు ఎవరిని అడుగకయే ఇయ్యవచ్చునని నిర్ణయించిరి. మునుపు మమ్మును తప్పుపట్టిన పెద్ద, ఒక్క కుంచము చాలునని చివరివరకు వాదించెను.