వైద్యం ఖర్చు వేరు, సేవ ఖర్చు వేరు



ముసలితనంలో ఖర్చు రెండు రకాలు. ఆపరేషన్, ఐసీయూ, మందులు వైద్యం కిందికి వస్తాయి. ఆ బిల్లు ఎంత పెద్దదైనా ఒకసారి కట్టేస్తే తేలిపోతుంది. పక్షవాతంతో మంచాన పడ్డవారికి, మతిమరుపు ముదిరినవారికి రోజూ ఒళ్లు తుడిచి, అన్నం తినిపించి, పక్క మార్చే మనిషి కావాలి. ఆ సేవ ఖర్చు ఏళ్ల తరబడి సాగుతుంది. నలభై అయిదు, యాభై ఏళ్ల వయసులో చాలామంది మొదటిదానికి ఒక పాలసీ తీసుకుని, రెండోదాని గురించి ఆలోచించడమే మానేస్తారు.

మామూలు ఆరోగ్య బీమా ముఖ్యంగా ఆసుపత్రిలో చేరినప్పటి బిల్లుకు పనికొస్తుంది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ, 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ ఉద్దేశం కూడా ఆసుపత్రి వైద్యమే. 2024 అక్టోబరు నుంచి 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా ఆయుష్మాన్ వర్తిస్తోంది. ఇంట్లో పెట్టుకున్న ఆయా జీతం, డైపర్లు, గాలి పరుపు, నెలల తరబడి వచ్చే ఫిజియోథెరపిస్టు ఫీజు మాత్రం కుటుంబమే భరించాలి.

బీమాను ఒంట్లో బాగున్నప్పుడే తీసుకోవాలి. కంపెనీ ఇచ్చే పాలసీ సాధారణంగా ఉద్యోగంతోనే పోతుంది కనుక సొంత పాలసీ వేరుగా ఉండాలి. 2024 నిబంధనల ప్రకారం, ముందునుంచీ ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలం మూడేళ్లకు మించకూడదు. అయిదేళ్లు వరుసగా ప్రీమియం కట్టాక, మోసం రుజువైతే తప్ప, వివరాలు దాచారంటూ క్లెయిము తిరస్కరించే వీల్లేదు. ఆ అయిదేళ్లలోపు దాచిన సంగతి బయటపడితే క్లెయిము పోవచ్చు, అందుకే షుగరు, బీపీ ఉంటే దరఖాస్తులో ఉన్నదున్నట్టు రాయడం నీతికీ మంచిది, క్లెయిముకీ మంచిది.

పాలసీలో గది అద్దె షరతును తప్పక చదవాలి. రోజుకు 5,000 రూపాయల పరిమితి ఉన్న మనిషి 10,000 రూపాయల గదిలో చేరితే, తేడా 5,000తో పోదు. డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటరు చార్జీల వంటి గదితో ముడిపడ్డ ఖర్చుల్లోనూ సగమే వచ్చే అవకాశం ఉంది. మిగతాది డిశ్చార్జి రోజున చేతినుంచి కట్టాల్సిందే.

సేవ ఖర్చుకు నిధిని విడిగా కూడబెట్టాలి. నెలకు 20,000 రూపాయలు అవుతుందనుకుంటే ఏడాదికి 2.4 లక్షలు, అయిదేళ్లకు 12 లక్షలు. జీతాలు, ధరలు ఏటా 7 శాతం పెరిగితే, ఇరవై ఏళ్ల తర్వాత అదే అయిదేళ్ల సేవకు కనీసం 46 లక్షలు కావాలి. అరవైలో మొదలుపెడితే ఈ మొత్తం అందదు. నలభై అయిదులో మొదలుపెడితే నెలనెలా దాచి చేరుకోవచ్చు. ఈ ఖాతాను అమ్మాయి పెళ్లికి గాని, అబ్బాయి అమెరికా చదువుకు గాని కదపకూడదు. అరవై నిండాక ఇందులో 30 లక్షల దాకా సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో పెట్టుకోవచ్చు.

పిల్లలకు ఆస్తి రాసిచ్చే విషయంలో తొందర పనికిరాదు. దాన సెటిల్‌మెంటుతో ఇల్లు అప్పుడే చేతులు మారుతుంది. వీలునామా అయితే బతికున్నంతకాలం ఆస్తి రాసినవారిదే, మార్చుకునే హక్కూ వారిదే. దానంగానే ఇవ్వదలిస్తే, పోషణ చూడాలన్న షరతును దస్తావేజులోనే రాయించాలి. ఆ షరతు తప్పితే దస్తావేజును రద్దు చేయించుకునే దారి 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్‌లో ఉంది.

ఆఖరి దశలో ఎంతవరకు వైద్యం కావాలన్నది కూడా ముందే రాసిపెట్టవచ్చు. సుప్రీంకోర్టు 2018లో దీన్ని గుర్తించి, 2023లో పద్ధతిని సులువు చేసింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ చేతగాని గెజిటెడ్ అధికారి చేతగాని ధ్రువీకరింపజేస్తే చాలు. వెంటిలేటరు తీయాలా వద్దా అన్న భారం అప్పుడు పిల్లల మీద అంతగా పడదు.

ఇంట్లో పెద్దలకు జబ్బు చేస్తే, ఉద్యోగం మానుకుని పక్కన కూర్చునేది ఎక్కువగా కోడలో కూతురో. అడగకుండానే ఒకరి బతుకును ఇంకొకరి మంచానికి కట్టేయడం అన్యాయం. సేవకు డబ్బు ముందే దాచడమంటే పిల్లల ప్రేమను శంకించడమని కొందరు బాధపడతారు. నిజానికి డబ్బుకు లోటు లేని ఇంట్లోనే ఆ ప్రేమ విసుగు పడకుండా నిలుస్తుంది.

ఈ నెల దాటకముందే పాలసీ కాగితం తీసి చదవాలి, సేవ నిధికి ఖాతా తెరవాలి, ఆ కాగితాలు ఎక్కడున్నాయో ఇంట్లోవాళ్లందరికీ చెప్పాలి. తల్లిదండ్రులుగా పిల్లలకు చేయాల్సిన పనుల్లో ఇదీ ఒకటి, వాయిదా వేయవద్దు.